ఎన్ని రెట్లు అని కాదు, ఎంత వెలుగు అని అడగండి

బైనాక్యులర్ కొనడానికి దుకాణంలో అడుగుపెట్టినవాళ్ళు ముందుగా అడిగేది "ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. అమ్మేవాళ్ళకీ ఆ ప్రశ్నే ఇష్టం, ఎందుకంటే రెట్లు పెంచడం చవక. పట్టపగలు క్రికెట్ మైదానంలో ఆ ప్రశ్న కొంతవరకు చెల్లుతుందేమో గాని, రాత్రి చుక్కలు చూడాలనుకునేవాళ్ళని అది పక్కదారి పట్టిస్తుంది. 1610లో గెలీలియో కృత్తికలను చూసి 36 చుక్కలతో బొమ్మ వేశాడు. ఆయన చేతిలోని గొట్టం దాదాపు 20 రెట్లు పెంచేది. అయితే దానిలోంచి ఒక్కసారికి కనబడే ఆకాశం పున్నమి చంద్రుడి వెడల్పులో సగమే. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ గుంపును ఆయన ముక్కలు ముక్కలుగానే చూడగలిగేవాడు. ఇవాళ ఎక్కడైనా దొరికే 10 రెట్ల బైనాక్యులర్లో అదే గుంపు చుట్టూ బోలెడంత నల్లటి ఆకాశంతో సహా ఒక్క చూపులో ఇమిడిపోతుంది, చుక్కలూ ఆయన గీసినవాటికన్నా ఎక్కువే కనిపిస్తాయి. రెట్లు సగానికి తగ్గినా దృశ్యం మెరుగుపడిందంటే కారణం ముందువైపు కటకం పెద్దదవడం, లోపలి గాజు మంచిదవడం. చుక్కల కోసం కొనే బైనాక్యులర్లో మనం డబ్బు పెట్టవలసింది కంటిలోకి నిజంగా చేరే వెలుగు మీద. ఈ ఒక్క కొలబద్ద పట్టుకుంటే కొనుగోలులో ఎదురయ్యే చిక్కుముళ్ళు చాలావరకు విడిపోతాయి, ఖర్చూ తగ్గుతుంది.

గొట్టం మీద 10×50 అని రాసి ఉంటే మొదటి అంకె రెట్లు, రెండోది ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. చీకటికి బాగా అలవాటుపడిన పడుచు కంటిలో కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. చేరే వెలుగు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 50ని 7తో భాగించి వర్గం చేయాలి. 51 వస్తుంది. అంటే మన కన్ను పట్టే వెలుగుకు 51 రెట్లు ఆ కటకం పోగుచేస్తుంది. ఈ లెక్క ఆకాశంలో ఎలా కనబడుతుందో చూడండి: ఆకాశం మొత్తంలో ఉత్త కంటికి ఆనే చుక్కలు ఐదారు వేలు; 50 మి.మీ. కటకానికి అందేవి లక్షకు పైమాటే. వీటిలో ఏ ఒక్కటీ పెద్దదిగా కనిపించదు. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయంటే, పది రెట్లు పెంచినా వంద రెట్లు పెంచినా చుక్క చుక్కగానే ఉంటుంది. చంద్రుడి గుంటల్ని, గురుగ్రహం బిళ్ళను రెట్లు పెంచి చూడవచ్చు. నక్షత్రాన్ని చూపించగలిగేది వెలుగొక్కటే. పైగా రెండు కళ్ళతో చూస్తాం గనక, మసకవస్తువును పోల్చుకునే శక్తి ఒంటికన్నుతో చూసినప్పటికన్నా సుమారు 40 శాతం పెరుగుతుంది.

అయితే పోగుచేసిన వెలుగంతా కంటిలోకి పోతుందా? ఇక్కడే రెండంకెల మధ్య సంబంధం తెలియాలి. బైనాక్యులర్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, తెల్లటి గోడ వైపో ఆకాశం వైపో తిప్పి చూస్తే కంటివైపు కటకాల్లో రెండు చిన్న వెలుగు బిళ్ళలు తేలుతూ కనిపిస్తాయి. బయటికి వచ్చే వెలుగంతా ఆ బిళ్ళల్లోంచే రావాలి. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే బిళ్ళ వ్యాసం తెలుస్తుంది: 10×50కి 5 మి.మీ., 7×50కి 7 మి.మీ. పైన కాస్త. చాలా పాత పుస్తకాలు చుక్కలు చూడడానికి 7×50 శ్రేష్ఠమని చెబుతాయి. అది ఓడల మీద పుట్టిన కొలత. ఊగే డెక్కు మీద నిలబడి, నడిసముద్రపు కటిక చీకట్లో, ఇరవై ఏళ్ళ నావికుడు చూడడానికి అంతకన్నా మంచిది లేదు. కాని వయసు పెరిగేకొద్దీ కంటిపాప విచ్చుకోవడం తగ్గుతుంది. యాభై, అరవై ఏళ్ళవాళ్ళకు చాలామందిలో 5 మి.మీ. చుట్టుపక్కలే. వీధిదీపాల వెలుగు పడే మేడ మీద పడుచువాళ్ళ కంటిపాపా పూర్తిగా విచ్చుకోదు. 5 మి.మీ. పాపతో 7×50లోంచి చూస్తే పనిచేసేది ఏడైదుల ముప్పై అయిదు, 35 మి.మీ. కటకమే. 50కి డబ్బు పోసి, 50 బరువు మోసి, అందులో సగం వెలుగును కంటిపాప బయటే పారబోసుకోవడమన్నమాట. మరో నష్టమూ ఉంది. పట్నపు ఆకాశం నల్లగా ఉండదు, బూడిదరంగులో ఉంటుంది. రెట్లు పెరిగితే ఆ బూడిదరంగు పలచబడుతుంది, చుక్క మాత్రం పలచబడదు. పూర్తిగా విచ్చుకున్న కంటికి సైతం 10×50లో కనిపించే ఆకాశం 7×50లోని దానికన్నా సగం వెలుగుతోనే ఉంటుంది, చుక్కలు అంతకంతకు తేలిగ్గా బయటపడతాయి. కాబట్టి హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి చోట్ల ఉండేవాళ్ళకు, నలభై దాటినవాళ్ళకు 10×50 మేలు. చేతులు వణికేవాళ్ళు, బరువు వద్దనుకునేవాళ్ళు 8×42 తీసుకుంటే నష్టపోయేది తక్కువే.

రెట్లు పెరిగితే ఆకాశం నల్లబడుతుందని ఒప్పుకున్నాక 15×70, 20×80 ఎందుకు వద్దంటారని ఎవరైనా నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలన్ ఆడ్లర్ అనే ఆయన బైనాక్యులర్లను పోల్చడానికి ఒక సులువైన సూత్రం చెప్పాడు: కటకం వ్యాసానికి వర్గమూలం కట్టి రెట్లతో గుణించడం. 7×50కి 49, 10×50కి 71, 15×70కి 125 వస్తుంది. చుక్కల్ని చూపించే సత్తాకు ఇది మంచి అంచనా, దాని ప్రకారం 15×70 గెలిచినట్టే. సూత్రంలోకి రాని సంగతి ఒకటుంది, మన చేతులు. వస్తువుతో పాటు చేతి వణుకూ అన్ని రెట్లూ పెరుగుతుంది. సుమారు 900 గ్రాముల 10×50ని కాసేపు నిలకడగా పట్టుకోవచ్చు. కిలోన్నరకు దగ్గరపడే 15×70 నిమిషంలో చేతులు లాగేస్తుంది, చుక్కలు పురుగుల్లా గింగిరాలు తిరుగుతాయి. అప్పుడు ట్రైపాడ్ కావాలి, దానికి బిగించే అడాప్టర్ కావాలి. చవక ట్రైపాడ్ మన భుజం దాకా కూడా లేవదు గనక నడినెత్తిన ఉన్నదాన్ని చూడాలంటే మోకాళ్ళ మీద వంగాలి. ఇన్ని హంగులు కావలసిన వస్తువు నెల తిరక్కుండా అటకెక్కుతుంది. పెద్దవి పనికిరావని దీని అర్థం కాదు. జపాన్‌లో యూజీ హ్యకుతకే 1996 జనవరిలో తన పేరు మోసిన తోకచుక్కను 25×150 బైనాక్యులర్‌తోనే పట్టుకున్నాడు. ఇంగ్లండులో బడిపంతులుగా పనిచేసిన జార్జ్ ఆల్కాక్ 1983లో 15×80తో, అదీ ఇంట్లో కూర్చుని కిటికీ అద్దంలోంచి, ఒక తోకచుక్కను కనిపెట్టాడు. అదే ఆల్కాక్ 1991 మార్చిలో, 78 ఏళ్ళ వయసులో, చేతిలో మామూలు 10×50 పట్టుకుని ఒక నోవాను, అంటే ఉన్నట్టుండి వెలిగిన చుక్కను, పసిగట్టాడు. వేల చుక్కల స్థానాలు కంఠతా వచ్చిన మనిషికి ఏ చుక్క కొత్తదో చెప్పడానికి అది చాలింది. రాత్రి రాత్రీ ఆకాశం జల్లెడపట్టేవాళ్ళు పెద్దదానికి వెళ్ళవచ్చు. మొదటి బైనాక్యులర్ కొనేవాళ్ళకు చేతిలో నిలిచేదే లాభం. వణుకును సరిచేసుకునే స్టెబిలైజర్ రకాలు ఉన్నాయి గాని వాటి ధరకు మంచి టెలిస్కోపే వస్తుంది.

ఇక ధర ఎక్కడికి పోతోందో చూద్దాం. పైకి ఒకేలా కనిపించే రెండు 10×50ల మధ్య ధరలో నాలుగు రెట్ల తేడా ఉండడం మామూలే. తేడా ఎక్కువగా దాగి ఉండేది గాజు మీద పూతలో. పూత లేని గాజు ఉపరితలం తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి తిప్పికొడుతుంది. మామూలు బైనాక్యులర్లో వెలుగు ముందు కటకంలో రెండు, పట్టకాల్లో నాలుగు, కంటివైపు కటకాల్లో నాలుగు, మొత్తం పది ఉపరితలాలు దాటాలి. పదిసార్లు నాలుగేసి శాతం పోతే మిగిలేది మూడింట రెండు వంతులే. ఒక పొర పూత వేస్తే ఒక్కో ఉపరితలంలో నష్టం ఒకటిన్నర శాతానికి దిగి, మొత్తమ్మీద 86 శాతం చేరుతుంది. అన్ని ఉపరితలాల మీద అనేక పొరల పూత వేస్తే 95 శాతం. ఈ పూతల విద్యకు దారి తీసింది 1935లో జర్మనీలో జైస్ సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా. పెట్టె మీది మాటల్ని ఈ లెక్కతోనే చదువుకోవాలి: "కోటెడ్" అంటే ఎక్కడో ఒకచోట పూత ఉన్నట్టు, "మల్టీ కోటెడ్" అంటే కొన్నిటి మీద పలు పొరలు, "ఫుల్లీ మల్టీ కోటెడ్" అంటేనే అన్నిటి మీదా. ఆ "ఫుల్లీ" అన్న చిన్న మాటకు వేలల్లో విలువ ఉంది. తప్పిపోయిన వెలుగు ఊరికే పోదు కూడా, గొట్టంలో అటూఇటూ తచ్చాడి చంద్రుడి పక్కన పొగమంచులా కమ్ముతుంది. కటకాలు కెంపుల్లా ఎర్రగా మెరిసే రకం చూడ్డానికి దర్జాగా ఉంటుంది గాని, అది కంటికి రావలసిన ఎరుపును బయటికే తోసేస్తోందన్నమాట. జ్యేష్ఠ, రోహిణి, ఆర్ద్ర వంటి ఎర్రచుక్కల అందం చూడాలనుకునేవాళ్ళు దాని జోలికి పోకూడదు.

పట్టకాల దగ్గర మరో పొదుపు దాగి ఉంది. మధ్యలో వంకర తిరిగి భుజాలు ఉబ్బినట్టుండే పాత ఆకారాన్ని పొర్రో రకం అంటారు, 1854లో పేటెంటు పొందిన ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పొర్రో పేరు మీద. తిన్నటి గొట్టాల్లా నాజూగ్గా ఉండేది రూఫ్ రకం. చూపుకు రెండోదే ఆధునికం, చేతికి చిన్నది, వాన తట్టుకునేలా చేయడమూ తేలిక. కాని పొర్రో పట్టకంలో వెలుగు సంపూర్ణాంతర పరావర్తనంతో, ఏ అద్దం పూతా లేకుండా, తిరుగుతుంది. ఎక్కువగా వాడే రూఫ్ పట్టకంలో ఒక ముఖానికి అద్దంలా లోహపు పూతో అంతకన్నా ఖరీదైన పొరలో వేయాలి, పైగా విడిపోయి కలిసే కిరణాల అలలు పొసగడానికి ఇంకో పూత కావాలి, రెండు ముఖాలు కలిసే అంచును అతి కచ్చితంగా అరగదీయాలి. ఇవన్నీ సరిగ్గా చేసినది మంచిదే, ధరా అంతే ఉంటుంది. చేయనిది చవకగా వస్తుంది, చుక్కలు మసకబారతాయి. అందువల్ల పది వేల రూపాయలకు అటూఇటూ ఖర్చు పెట్టేవాళ్ళకు పొర్రో రకంలోనే ఎక్కువ వెలుగు చేతికొస్తుంది. పట్టకాల గాజు బీఏకే4 అయితే మంచిది, బీకే7 అయితే అంచుల్లో వెలుగు కొంత జారిపోతుంది. 10-30×60 లాంటి జూమ్ రకాలను ఒక్క మాటలో వదిలేయవచ్చు: కనబడే ఆకాశం ఇరుకు, కదిలే భాగాలు ఎక్కువ, రెండు గొట్టాల గురి త్వరగా తప్పుతుంది.

"ఇంత ఆలోచించి ఆ డబ్బుకు టెలిస్కోపే కొనుక్కోవచ్చు కదా?" ఇది అందరూ వేసే ప్రశ్న, సగం నిజం కూడా. శని వలయాలు చూడాలన్నది ఒక్కటే కోరికయితే బైనాక్యులర్ కొనకండి. అందుకు కనీసం పాతిక, ముప్పై రెట్లు కావాలి. 10×50 చూపించేది చంద్రుడి మీద టైకో, కోపర్నికస్ వంటి పెద్ద గుంటలు, మోచేతులు గోడకు ఆనించి పట్టుకుంటే గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు, అంతే. కాని ఆ ధరకు వచ్చే టెలిస్కోపు ఎలాంటిదో కూడా చూడాలి. పెట్టె మీద 500 రెట్లని రాసి ఉంటుంది. కటకానికి మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటితే దృశ్యం మసకబారడమే తప్ప కొత్తగా తెలిసేది ఉండదు, 60 మి.మీ. కటకానికి హద్దు 120. కాళ్ళు వణికే స్టాండు మీద, తలకిందుల దృశ్యంలో, ఇరుకు సందులోంచి కొత్తవాళ్ళు దేన్నీ వెతికి పట్టలేరు. పైన పటారం, లోన లొటారం. బైనాక్యులర్లో ఆకాశం నిటారుగా, సుమారు ఆరున్నర డిగ్రీల వెడల్పున కనిపిస్తుంది, అంటే పదమూడు పున్నమి చంద్రుల్ని పక్కపక్కన పేర్చినంత. వేలు చూపించిన చోటికే గురి వెళ్తుంది. తర్వాత టెలిస్కోపు కొన్నా ఇది పక్కన ఉండాల్సిందే.

మరి పట్నంలో ఆకాశమే లేదు కదా అనేవాళ్ళున్నారు. దీపాల ఊళ్ళో ఉత్త కంటికి వందా రెండు వందల చుక్కలు మిగిలిన మాట వాస్తవం. పాలపుంత పోయింది, దాన్ని ఏ కటకమూ తిరిగి తేలేదు. నక్షత్ర గుచ్ఛాలు మాత్రం మిగిలే ఉన్నాయి. పుష్యమి నక్షత్రం దగ్గర ఉత్త కంటికి ఏమీ లేనట్టుండే చోట బైనాక్యులర్ పెడితే పదుల కొద్దీ చుక్కలు గుప్పున విచ్చుకుంటాయి. వేసవి చివర్లో మూలా నక్షత్రం దగ్గర, వృశ్చికం తోక పక్కన రెండు గుచ్ఛాలు ఒకే చూపులో పడతాయి. కార్తిక మాసపు సాయంత్రం ఊరి వెలుపలికి వెళ్ళగలిగితే, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ సాగదీసిన మసక మరకలా కనిపిస్తుంది. మన అక్షాంశం మనకు చేసిన ఉపకారం ఇంకొకటి ఉంది. కోటి నక్షత్రాల ముద్ద అనదగ్గ ఒమేగా సెంటారీ మే నెల రాత్రుల్లో హైదరాబాదుకు దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది, తిరుపతిలో ఇంకో నాలుగు డిగ్రీలు పైకి. డాలస్ తెలుగువాళ్ళకు అది దిగంతం మీద పది డిగ్రీలు దాటదు, న్యూజెర్సీలో నేలకు తగిలినట్టే ఉంటుంది, లండన్‌లో అసలు ఉదయించదు. గుండ్రటి దూదిపింజలా కనబడే ఆ ముద్దకు రెట్లు అక్కర్లేదు, వెలుగు చాలు. చూడడానికి మేడ మీద నవారు మంచమో పడకకుర్చీయో వేసుకుంటే మెడ నొప్పి ఉండదు, మోచేతులకు ఆనిక దొరికి వణుకూ తగ్గుతుంది. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, క్షణంలో చూపు పోతుంది.

కళ్ళజోడు తీయకుండా చూసేవాళ్ళు ఇంకో అంకె కనుక్కోవాలి: ఐ రిలీఫ్, అంటే కటకం నుంచి కంటికి ఉండగలిగే దూరం. అది 15 మి.మీ. కన్నా తక్కువైతే దృశ్యం అంచులు కోసుకుపోతాయి. చవక 10×50ల్లో ఇది తరచు 12 దగ్గరే ఆగుతుంది. దూరపుచూపు, దగ్గరచూపు దోషం మాత్రమే ఉన్నవాళ్ళు జోడు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది, ఆస్టిగ్మాటిజం ఎక్కువున్నవాళ్ళకే చిక్కు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళవాళ్ళు బూజును లెక్కలోకి తీసుకోవాలి. తేమలో మూసిపెట్టిన కటకం లోపల సాలెగూడులాంటి బూజు పాకి, అంత ఖరీదు పెట్టిన పూతను తినేస్తుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచితే చాలు.

కొనేటప్పుడు జేబులో ఒక చిన్న టార్చి, స్కేలు, తెల్ల కాగితం ఉండాలి. ఫోకస్ దూరానికి పెట్టి, కంటివైపు కటకానికి జానెడు దూరం నుంచి టార్చి వేసి, ముందు కటకానికి ఆనించినట్టుగా కాగితం పట్టుకోండి. కాగితం మీద పడ్డ వెలుగు వలయాన్ని స్కేలుతో కొలవండి. 50 అని రాసి ఉండి వలయం 42 వస్తే లోపల ఏదో అడ్డం పెట్టి వెలుగును కోసేశారని అర్థం, మీరు 42కే డబ్బిస్తున్నారు. తర్వాత చేయి చాచి వెలుగు బిళ్ళల్ని చూడండి: గుండ్రంగా ఉంటే గాజు మంచిది, నలుచదరంగా అంచులు బూడిదగా ఉంటే నాసిరకం. ముందు కటకంలో ట్యూబులైటు ప్రతిబింబాలు పచ్చగానో ఊదాగానో మందంగా కనిపించాలి. తెల్లగా మెరిసేది ఒక్కటి ఉన్నా అక్కడ పూత లేదు. ఆఖరున, దూరపు పిట్టగోడ అంచును చూస్తూ బైనాక్యులర్ని కళ్ళ నుంచి మెల్లగా నాలుగంగుళాలు దూరం జరపండి. రెండు బిళ్ళల్లో ఆ గీత ఎగుడుదిగుడుగా కనిపిస్తే గొట్టాల గురి తప్పింది. అలాంటిది పావుగంటలో తలనొప్పి తెస్తుంది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకు ఈ పరీక్షలన్నీ ఇంట్లోనే చేయాల్సి వస్తుంది, అసలు పరీక్ష చుక్క మీదే: మధ్యలో పెట్టి ఫోకస్ చేస్తే అది సూదిమొనంత బిందువుగా నిలవాలి. కాబట్టి వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, వానకాలం వెళ్ళాక, ఆ గడువులో అమావాస్య పడేలా ఆర్డరు పెట్టండి.